విగ్గో పుట్టినరోజు

డెన్మార్క్‌లో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు మోసే రోబో పేరు విగ్గో. అక్కడి కరెంటు పనులు చూసే బోదిల్ దానికి దారి ఏర్పరిచింది. విగ్గో ఏ మూలన ఉన్నా కనీసం మూడు సెన్సర్ల కంట పడాలి. వాటిని గోడల మీద ఎక్కడ బిగించాలో తేల్చడానికి చలికాలమంతా నిచ్చెన ఎక్కి దిగింది. వాటికేదీ అడ్డం పెట్టొద్దని అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఆ ఉదయం విగ్గో నడవలో దారి తెలియక తన చుట్టూ తానే తిరుగుతోంది. పైకి చూసేసరికి బోదిల్‌కు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా సెన్సర్ల ముందు నుంచే, అక్కడ పుట్టినరోజులకు కట్టే ఎర్రటి జాతీయ జెండాల తోరణం వేలాడుతోంది.

"ఎవరు కట్టారివి?"

"నేనే," అంది నర్సు తోవె, కేకు కోస్తూ. "పుట్టినరోజుకి జెండాలు లేకపోతే ఎలా?"

"అందుకని సెన్సర్లకు గంతలు కడతావా? ఇంతకీ ఎవరిదట పుట్టినరోజు?"

"విగ్గోది. మన దగ్గరికొచ్చి ఇవాళ్టికి ఏడాది."

బోదిల్ నిచ్చెనెక్కి తోరణాన్ని తెంపి, ఉండచుట్టి, తోవె ముందు పడేసింది.

"దానికింత కోపమా? కాస్త కేకు తిను."

"పోయిన గురువారం నాకు యాభై నిండాయి," అంది బోదిల్. "కేకు నేనే తెచ్చాను. అందరూ తిన్నారు. ఎందుకు తెచ్చావని ఒక్కరూ అడగలేదు."