తాడు మీద ఆరేయని దుప్పటి

మాది చాకలి ఇల్లు. జగిత్యాల వైపు ఒక ఊళ్లో మా బాపు నలభై ఏళ్లు రేవు బండ మీద బట్టలు ఉతికాడు. నేను సౌదీకి వచ్చిందే ఆ బండ నుంచి తప్పించుకోవడానికి. బయలుదేరేముందు మా అమ్మ ఎదుట ఒట్టు కూడా పెట్టుకున్నాను, ఇక జన్మలో మరొకరి మాసిన బట్ట ముట్టనని. జిద్దాలో దిగాక ఒక లాండ్రీలో పని దొరికింది. చెడ్డ పనేమీ కాదు, చల్లని గదిలో నిలబడి ఇస్త్రీ చేయడమే. అయినా వద్దనేసి, ఓ ఇంట్లో డ్రైవరుగా కుదిరాను. శుక్రవారం షరఫియా బజారులో కలిసినప్పుడు మావాళ్లు ఏడిపించారు. "చేప పిల్ల ఈత రాదంటే నమ్ముతమారా?" అన్నాడు ఒకడు. వాడితో నెల రోజులు మాట్లాడలేదు. నాకు ముక్కు మీద కోపం, ఒప్పుకుంటాను.

అంతటి రోషగాణ్ణి చివరకు ఒక మోటార్ హోమ్‌లో ఓ ముసలమ్మ దుప్పట్లు ఉతికాను. ఆ పని నా చేతికి వచ్చినందుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మా ఇంటి యజమానిని నేను బాబా అని పిలుస్తాను. ఇళ్లల్లో పనిచేసే డ్రైవర్లంతా అలాగే పిలుస్తారు, ఆయన నాకంటే రెండేళ్లు చిన్నవాడైనా సరే. ఆయన తల్లి మామా కబీరా, అంటే ఇంటికి పెద్దావిడ. ఎనభై దాటిన మనిషి. పుట్టింది అభా పట్నానికి అవతల ఓ కొండ ఊళ్లో. పెళ్లయి జిద్దా వచ్చేసింది. ఆమె అక్క మాత్రం ఆ ఊళ్లోనే ఉండిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తొమ్మిదేళ్లు. కారులో గంట కూర్చుంటే మామా నడుము పట్టేస్తుంది. విమానం పేరెత్తితేనే తల అడ్డంగా ఊపుతుంది. ఇన్నాళ్లూ ఫోన్‌లో గొంతులైనా వినేవాళ్లు. ఏడాది కిందట అక్క చెవులు పూర్తిగా పోయాయి. ఆ రోజు నుంచి మామాది ఒకటే మాట, ఒక్కసారి దాని ముఖం చూసి వస్తానని.

అందుకే బాబా ఒక పాత మోటార్ హోమ్ కొన్నాడు. మంచం, స్నానాల గది, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ ఉన్న బండి. వెనక మూల అలమరలో ఒక చిన్న వాషింగ్ మిషన్ కూడా ఉంది. ఉతికేదీ ఆరబెట్టేదీ అదే. ఒక దుప్పటి, రెండు దిండు గలీబులు వేస్తే నిండిపోతుంది. బండి చదునైన చోట నిలబడకపోతే తిరిగేటప్పుడు గంతులేస్తుంది, అందుకని చక్రాల కింద పెట్టడానికి చెక్కలు వెంట ఉంచుకోవాలి. నీళ్ల ట్యాంకు, మురికినీళ్ల ట్యాంకు, జనరేటర్ నా పూచీ కాబట్టి ఆ మిషన్ కూడా నా పూచీలోకే వచ్చి పడింది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు, నేను జిద్దాకు వస్తే నువ్వు నా వెంటే వచ్చావా అని తిట్టుకున్నాను.

బయలుదేరే ముందు బాబా మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మ ఒంట్లో ఏ కొంచెం తేడా కనబడినా బండి వెనక్కి తిప్పేస్తాను. ఆ కొండల్లో ఆసుపత్రుల కోసం వెతుక్కుంటూ తిరగలేను." కొడుకు మాట అంటే మాటే అని మామాకు తెలుసు, నాకూ తెలుసు.

పిల్లల బడి కోసం బాబా భార్య ఇంట్లోనే ఉండిపోయింది. మామాను చూసుకునే పనిమనిషి సెలవు మీద వాళ్ల దేశం వెళ్లింది. దాంతో ప్రయాణంలో మిగిలింది ముగ్గురం. ఆరుబయట నిద్ర అంటే బాబాకు ఇష్టం, బండి పక్కన డేరా వేసుకునేవాడు. కాస్త ఎడంగా నాకో చిన్న డేరా. బండిలో మామా ఒక్కతే పడుకునేది.

మొదటి మజిలీ అల్ బాహా దగ్గర. తెల్లవారి నమాజు అయ్యాక బాబా కొండ వైపు నడకకు వెళ్లాడు. నేను టీ పెడుతుంటే బండి మెట్ల దగ్గర మామా నిలబడి ఉంది. చేతుల్లో నల్ల అబాయా, ఆ బురఖాలో చుట్టిన మూట.

"ఆ మిషన్ నడపడం వచ్చా?" అని అడిగింది. నా వైపు చూడలేదు, నేల చూస్తూ అడిగింది.

నేను డ్రైవర్ని మామా అని నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే మూట నా చేతిలో ఉంది. చాకలింట్లో పుట్టినవాడికి మూట విప్పి చూపించనక్కర్లేదు, బరువే చెబుతుంది. లోపల దుప్పటి తడిసి ఉంది.

"ముసలితనం, నాయనా. డాక్టరుకు తెలుసు. పనిమనిషికి తెలుసు. వాడికి మాత్రం తెలియదు. తెలిస్తే వెనక్కి తిప్పేస్తాడు" అంది. కాస్త ఆగి మళ్లీ అంది, "తిప్పకపోయినా, నా కొడుకు కదా. వాడి ముందు ఎలా?"

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు ఆలోచించనూ లేదు. మిషన్‌లో వేసి బటన్ నొక్కాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఉతకడం అయ్యాక ఆరబెట్టే బటన్ నొక్కాలి. దానికి దాదాపు రెండున్నర గంటలు, అంతసేపూ జనరేటర్ మోగుతూ ఉండాలి. నాకది శుద్ధ దండగ అనిపించింది. పన్నెండేళ్లుగా జిద్దా మేడ మీద బట్టలు ఆరేస్తున్నవాణ్ణి. అక్కడ తువ్వాలు వేసి వెనక్కి తిరిగేలోపు ఆరుతుంది. పైగా బాపు కొడుకుని కదా, ఎండను నమ్మినంతగా మిషన్‌ను ఎక్కడ నమ్ముతాను? బండికీ పక్కనున్న చెట్టుకూ తాడు కట్టి, దుప్పటిని నాలుగు మూలలూ లాగి మరీ ఆరేశాను.

పది నిమిషాల్లో లోయలోంచి మబ్బు లేచింది. అంత దగ్గరగా మబ్బును ఎప్పుడూ చూడలేదు, నా కాళ్ల మీంచే పాకింది. గంట గడిచినా దుప్పటి ఆరకపోగా ఇంకా బరువెక్కింది. తీసి దాచేలోపే బాబా నడక నుంచి తిరిగొచ్చి తాడు ముందు ఆగాడు.

"పొద్దున్నే దుప్పటి ఎందుకు ఉతికావు?"

మెట్ల మీద మామా చేతిలోని టీ గ్లాసు కదల్లేదు.

"కాఫీ ఒలకబోశాను బాబా. మామాకు ఇస్తుంటే చెయ్యి జారింది."

బాబా బాగా తిట్టాడు. వేడి కాఫీ ముసలావిడ మీద పడితే ఏమయ్యేదని అడిగాడు. ఆ తిట్లు న్యాయమైనవే, తల వంచుకుని విన్నాను. తడి దుప్పటిని బకెట్లో కుక్కి సీటు వెనక పెట్టుకుని రోజంతా బండి నడిపాను. సాయంత్రానికి అది ముక్కిపోయిన వాసన కొట్టింది.

రెండో మజిలీ నమాస్‌లో. బండి ఆపగానే ఓ పక్కకు వెళ్లి బాపుకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో ఆయన్ని పని గురించి సలహా అడగడం అదే మొదలు. జరిగింది చెప్పాను. ఎక్కడ ఎగతాళి చేస్తాడోనని చెవి బిగించుకుని ఉన్నాను. ఆయన చేయలేదు.

"వేడినీళ్లు పెట్టినవా?" అన్నాడు.

"పెట్టిన బాపు."

"తప్పు చేసినవ్ బిడ్డా. వేడినీళ్లకు ఆ వాసన బట్టల్నే కూసుంటది. ముందుగాల సల్లనీళ్లల్ల జాడియ్యాలె. జర్రంత నిమ్మకాయ పిండు. అటెన్క సబ్బు."

"సరే."

"ఇంకోటి ఇను. తాడు మీద ఎందుకు ఏసినవ్? గసొంటి బట్టలు మీ అమ్మ ఎన్నడన్న రేవుల ఆరేసిందా? ఇంటెనక ఏసేది, పైన ఇంకో చీర కప్పేది. ఊళ్లె ఎవలికి ఏ రోగమో మాకు తెల్వదా? తెల్సు. బట్ట సంగతి బట్టకు ఎరుక, మనకు ఎరుక. బజారుకు ఎరుక కావద్దు."

మా అమ్మ అలా చీర కప్పడం నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను. అదంతా నాకు మా ఇంటి పేదరికంలా, మేం ఎప్పటికీ వదిలించుకోలేని మురికిలా కనిపించేది. ఆమె ఊరి పరువును కప్పుతోందని, ఊరికి మేం చేసిన ఉపకారాల్లో అది పెద్దదని, నలభై రెండేళ్లు వచ్చాక, దేశం కాని దేశంలో ఓ కొండ మీద తెలిసింది.

"మరి ఆ మిషన్ల ఆరబెట్టెడిది లేదా?" అన్నాడు బాపు.

"ఉన్నది."

"మూత ఉంటదా దానికి?"

"ఉంటది."

"ఇంకేం మరి. గంత మంచి మిషన్ పెట్టుకొని తాడు ఎందుకురా నీకు?"

ఆ రాత్రి పడుకునేముందే బకెట్‌లోని దుప్పటిని బాపు చెప్పినట్టు జాడించి, ఉతికి, ఆరబెట్టే బటన్ నొక్కాను. మూత తెరిచినప్పుడు వచ్చిన వెచ్చదనం ముఖానికి తగిలింది. దుప్పటి పొయ్యి మీంచి దించిన రొట్టెలా ఉంది. వాసన లేదు, మరక లేదు. ఎవరూ చూడలేదు కూడా. ఆ అలమర ముందు నిలబడి మిషన్‌కు నిజంగానే దండం పెట్టాను. మా అమ్మకు ఇలాంటిది ఒకటి ఉంటే ఎన్ని చీరలు మిగిలేవో అనుకున్నాను.

మర్నాడు పొద్దున మామా మళ్లీ మూటతో వచ్చింది. మూట తీసుకున్నాను, తాడు బయటకు తీయలేదు. అయితే రెండున్నర గంటలు బండి కదలకూడదు, బాబాకేమో తొందర. నడక నుంచి రాగానే "ఇంకా ఎంతసేపు?" అన్నాడు. ముందు టైర్లలో గాలి చూశాను. తర్వాత బ్రేకులు, లోయ దారి కదా అన్నాను. తర్వాత నూనె చూశాను, చూసిన నూనెనే మళ్లీ చూశాను. "నత్తకు లైసెన్సు ఇచ్చినవాణ్ణి అనాలి" అని విసుక్కుంటూ బాబా డేరా మడిచాడు. కిటికీలోంచి మామా నన్ను చూసి, మొదటిసారి, ముసుగు చాటున నవ్వింది.

మూడో మజిలీ అభా శివార్లలో. అక్కడి నుంచి ఆ ఊరు నలభై కిలోమీటర్లే. ఆ తెల్లవారి చలికి పళ్లు కొట్టుకున్నాయి. మబ్బు దట్టంగా ఉండి దారి కనబడక బాబా నడక మధ్యలోనే తిరిగొచ్చాడు. జనరేటర్ మోగుతోంది.

"ఇంత చలిలో ఏసీ ఎందుకు వేశావు?"

"ఏసీ కాదు బాబా. బ్యాటరీ..." అన్నాను. ఆ అబద్ధం నాకే అతికినట్టు లేదు.

బాబా బండెక్కాడు. వెనకే నేను. అప్పుడే మిషన్ పని ముగించి కూత కూసింది. ఆయన మూత తెరిచి దుప్పటి బయటకు లాగాడు. వెచ్చని దుప్పటిని రెండు చేతుల్లో పట్టుకుని, మంచం వైపు చూశాడు. మంచం మీద పరుపు ఉత్తిదే. కిటికీలోంచి బయటకు చూశాడు. కుర్చీలో మామా తల దించుకుని కూర్చుని ఉంది. అన్నీ వినబడేంత దగ్గరలోనే ఉంది.

నా పని పోయిందనుకున్నాను. అంతకంటే, నలభై కిలోమీటర్ల దాకా వచ్చి ఆ తల్లి వెనక్కి వెళ్లిపోతుందనే ఎక్కువ భయపడ్డాను.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు మెల్లగా.

"బయలుదేరిన దగ్గర నుంచి."

"కాఫీ ఒలకలేదన్నమాట."

"లేదు బాబా."

ఆయన దుప్పటి ఒక అంచు నాకు అందించాడు. ఇద్దరం దాన్ని పరుపు మీద పరిచాం. మూలలు లోపలికి దోపడం ఆయనకు చేతకాలేదు, ఎప్పుడు చేశాడు గనక. నేను చేసి చూపిస్తే రెండో వైపు తనే దోపాడు. అరచేత్తో ముడతలు సాపు చేశాడు, ఒకే చోట చాలాసేపు సాపు చేశాడు. తర్వాత బయటకు వెళ్లి తల్లి ముందు గొంతుక్కూర్చుని, ఆమె తల మీద ముద్దు పెట్టాడు.

"లేమ్మా. మధ్యాహ్నం భోజనం పెద్దమ్మ ఇంట్లో."

అంతే అన్నాడు. నా కళ్లు నిండాయి, బండి నడపడానికి కాసేపు ఆగాల్సి వచ్చింది.

అక్క రాతి ఇంట్లో కిటికీ పక్క మంచం మీద ఉంది. మామా గుమ్మంలో నిలబడగానే చెవిటి మనిషికి ఎలా తెలిసిందో, తల తిప్పింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకోలేదు, మాట్లాడినా వినపడదు కదా. ఒకరి ముఖం ఒకరు తడుముకుంటూ కూర్చున్నారు. పొద్దుగూకే దాకా ఆ చేతులు విడివడలేదు. రాత్రి మామా బండిలోకి రానంది. అక్క పక్కన, ఒకే గదిలో పడుకుంటానంది.

తెల్లవారి నేను, బాబా బండి మెట్ల మీద టీ తాగుతున్నాం. ఇంట్లోంచి మామా వస్తోంది, రోజూ పట్టుకునే కర్ర లేకుండా, రెండు చేతుల్లో రెండు మూటలతో. నేను లేవబోతే తల ఊపి వద్దంది. తిన్నగా కొడుకు ముందుకు వచ్చి ఆగింది. నేల చూడలేదు.

"ఇది నాది" అని ఒక మూట ఆయన చేతిలో పెట్టింది. రెండోది పెడుతూ ఆపుకోలేక నవ్వేసింది. "ఇది అక్కది."

బాబా కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. రెండు మూటలూ గుండెకు ఆనించుకుని నా వైపు తిరిగాడు.

"రెండూ ఒకేసారి పడతాయా?"

"పట్టవు బాబా. ఒకటయ్యాక ఒకటి వెయ్యాలి. మధ్యాహ్నం దాటుతుంది."

"దాటనీ" అని ఆయనే బండెక్కాడు.