చేప తినని బాబుగారు

మా మందుల కొట్టు బాబుగారు పోయారని బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. నిద్రలోనే పోయారట. ఆయన మంచితనానికి తగ్గ చావే అనుకున్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

అరవై ఆరులో మా అమ్మ విశాఖ పిచ్చాసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. అంతకుముందు మాటాపలుకూ లేకుండా రోజులకి రోజులు ఇసుకలో కూర్చుండిపోయేది. మాత్రలు మానితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు చీటీ రాసిచ్చి పంపారు. మా కళింగపట్నంలో అవెక్కడ దొరుకుతాయి? శ్రీకాకుళంలో రెండు కొట్లవాళ్లు చీటీనీ అమ్మనీ ఎగాదిగా చూసి లేవన్నారు. ఈ బాబుగారు మాత్రం స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఇదే కండక్టరు చేత మాత్రలు విశాఖ నుంచి తెప్పించారు.

ఎప్పుడూ ఒక్క వారానికే ఇచ్చేవారు. నెలకి సరిపడా ఇమ్మని నేను సణిగితే, "మాత్రలు పోస్టులోనైనా వస్తాయి. మీ అమ్మ మొహం పోస్టులో రాదు కదమ్మా" అన్నారు.

సంత రోజు అమ్మ ఎండుచేపల గంప గుమ్మం బయట దించి కూర్చోగానే ఆయన అడిగేది ఒకటే. "ఈవేళ ఏటి సేప తెచ్చినావమ్మా? ఎలా వొండుతారు?" పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషి! అమ్మ చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి చట్టి దించేదాకా చెప్పేది. "నీకు సెప్పి ఏటి లాభం బాబూ, పప్పన్నం మొహానికి" అని వెక్కిరించేది కూడా. ఆయన పడిపడి నవ్వేవారు. ఊసుపోక అడుగుతున్నారనుకున్నాను.

ఆ ఏడు ఊళ్లో అమ్మవారి పండగ చేశారు. అమ్మవారి ఘటం వీధుల్లో తిరిగినన్నాళ్లూ ఇంట్లో ఎవరూ మందు ముట్టకూడదని నాయనమ్మ పట్టుబట్టి మాత్రలు అటకెక్కించింది. అమ్మ బాగానే ఉంది కదా అని నేనూ నోరు మూసుకున్నాను. ఆ సంత రోజు బాబుగారు ఎప్పటిలాగే అడిగారు. "సేపే" అంది అమ్మ. అంతే, ఇంకో మాట లేదు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్లయింది మాత్రలు మానేసి?" అని నన్నడిగారు.

కొట్టు మూసి మాతోపాటే మా ఊరి బస్సెక్కారు. నాయనమ్మని కసురుకుంటారేమో అని భయపడ్డాను.

"నీ మొక్కు నీది, నువ్వు మందు ముట్టకు," అన్నారు నెమ్మదిగా. "నీ కోడలికిది మందు కాదు, కూడు. అమ్మవారి పండగని కోడలికి కూడు మానిపిస్తావేటి?"

నాయనమ్మ ఆయన్ని కాసేపు ఉరిమి చూసింది. "కూడంటే మరి ఎవులు మానిపిస్తారు బాబూ" అంటూ అటక మీంచి పొట్లం తీయించింది. ఆ పూట నుంచి మాత్రలకి కావలి ఆవిడే. "ఒసే, మింగినావా? నోరు సూపించు" అని పొద్దున్నే మొదలెట్టేది. అమ్మకి మళ్లీ ఆసుపత్రి అవసరం రాలేదు.

నిన్న సంత రోజు. ముందు బాబుగారింటికే వెళ్లాం. ఆయన కొడుకు ఒక్క వారానికి సరిపడా పొట్లం అమ్మ చేతిలో పెట్టాడు. నాకు మనసు నిండిపోయింది.

అమ్మ గంప బయటే దించి, దండ వేసిన ఫోటో ముందు చతికిలబడింది.

"ఈవేళ నెత్తళ్లు బాబూ" అంది, ఎవరూ అడక్కుండానే. చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి చట్టి దించేదాకా, ఒక్కటీ విడవకుండా చెప్పింది.