ఖాళీ అనుకున్న అంకె

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. పలాసలో రేడియోలు బాగుచేసుకుంటూ, తల నెరిశాక పుస్తకాలు చూసి కంప్యూటర్ల పని సొంతంగా నేర్చుకున్నాను. రెండేళ్ల క్రితం మా ఉద్దానంలోని ఒక చిన్న డయాలసిస్ కేంద్రం వారు కంప్యూటర్లన్నిటినీ కలిపే సర్వర్ నెట్‌వర్క్ చిరునామా మాటిమాటికీ మారిపోతోందని నన్ను పిలిచారు. దానికి మారని చిరునామా ఇవ్వాలి. చివర ఇరవై అంకె ఉన్న చిరునామాను పిలిచి పరీక్షిస్తే ఏ యంత్రమూ బదులు పలకలేదు. ఖాళీయే కదా అని అదే ఇచ్చేశాను.

కాసేపటికి రెండో జట్టు రోగులను యంత్రాలకు తగిలించారు. వారిలో మా బావ ఒకడు. నర్సమ్మ అప్పుడే తన బల్ల మీది మానిటర్ తెర ఆన్ చేసింది. రోగుల బీపీ అంకెలు ఒక్క క్షణం కనిపించి ఆరిపోయాయి. తెరలోంచి గంట మోగింది.

"తాతా, ఏటి సేసినావు?" అని ఆమె కేక వేసింది.

బావ రక్తం గొట్టాల్లో ఉంది. యంత్రాన్ని నేనే ఆపేశాననుకున్నాను. ఒళ్లంతా చెమట. సర్వర్ తీగ మూడోసారి లాగితే గానీ ఊడలేదు.

"ఏటి బావా, నా మీద అంత కోపమా? మిషన్ తిరుగుతంది. ముందు నువ్వు కూకో, నీకే బీపీ సూడాల," అన్నాడు బావ.

తీగ పీకగానే అంకెలు తిరిగొచ్చాయి. ఆ తెర చిరునామా కూడా ఇరవయ్యే; రెండు యంత్రాలకు ఒకే చిరునామా ఉంటే ఒకటి మూగబోతుంది. నేను పరీక్షించినప్పుడు అది ఆపి ఉంది. దాన్ని పెట్టిన ఇంజనీరు ఎక్కడా రాసిపెట్టలేదని నాకిప్పటికీ మంటే. కానీ చదువు లేదని నన్నెవరూ ఏమీ అడగరని మండిపడే నేను, ఆపి ఉంచిన యంత్రం ఇంకేదైనా ఉందా అని పక్కనే ఉన్న నర్సమ్మను ఒక్క మాట అడగలేదు.