ప్లాస్టర్ ముక్క

ఆస్పత్రి ఎమర్జెన్సీలోని కంప్యూటర్ తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో తీర్చిదిద్దడం ఆవిడ ఉద్యోగం. ఆ పనిలో తనను మించినవాళ్లు లేరని కాస్త గట్టి నమ్మకమే ఉండేది. ఇంట్లో అత్తగారు వాషింగ్ మెషీన్ బటన్లలో ఒక్కటి వదిలేసి మిగతా అన్నిటి మీదా ప్లాస్టర్ అంటించేస్తే, ఆ సంగతి ఆఫీసులో చెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించింది కూడా.

కొత్త తెర పెట్టిన వారానికి, ఎలా ఉందో చూద్దామని ఆస్పత్రికి వెళ్లింది. తను ముచ్చటపడి గీసిన పచ్చ బటన్ మీద, దూది పెట్టి మరీ ప్లాస్టర్ వేసి ఉంది. ఒళ్లు మండిపోయింది.

"ఎవరు చేశారిది?"

"నేనే," అంది హెడ్ నర్సు, ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని, రెండో చేతి వేలి కణుపుతో తెర నొక్కుతూ. "'తర్వాతి పేషెంట్' బటన్ పక్కనే ఇంటికి పంపే ఈ పచ్చ బటన్ పెట్టారు. మంచం మీద మూలుగుతున్న పెద్దాయన్ని మొదటిరోజే కంప్యూటర్లో మూడుసార్లు ఇంటికి పంపేశాం. ఇప్పుడు నిజంగా పంపాలంటేనే ప్లాస్టర్ ఎత్తుతాం."

ఆవిడ ఆఫీసుకెళ్లి తెరంతా మళ్లీ గీసింది. సాయంత్రం ఇంటికి రాగానే లాప్‌టాప్ తీసి అత్తగారి ముందు పెట్టింది.

"అత్తయ్యా, మీరైతే ఇందులో వేటికి ప్లాస్టర్ వేస్తారు?"

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తీరిగ్గా చూసింది.

"ఇంట్లో ఉన్న ప్లాస్టర్ సరిపోదమ్మా," అంది. "ఇంకో చుట్ట తెప్పించు."