నాకంటే ముందు ఆమెకే చెప్పింది

పోయిన శుక్రవారం తెల్లారేసరికి లాస్‌పేటలో మా పక్కింటి నర్సక్క కన్నుమూసింది. కబురు విని మద్రాసు నుంచి బస్సులో వచ్చిన మా అమ్మాయి, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూడకుండానే నేరుగా ఆ ఇంట్లోకి పరుగెత్తింది. చావింటి ముందు కూడా నాకు కడుపు మండింది. ఆ మంట ఇవాళ్టిది కాదు.

నర్సక్క సర్కారు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసేది. డ్యూటీ నుంచి రాగానే కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చునేది. వీధిలోని ఆడపిల్లలంతా చుట్టూ చేరేవారు. ఒక్కొక్కరి కింది కనురెప్ప లాగి చూసి, "ఏందే ఇంత తెల్లగా ఉండాది, రక్తం యాడ పోయింది? మునగాకు తినండే" అని కసిరేది. నేను వండితే ముట్టని, కొబ్బరేసి వేయించిన మునగాకు పొరియల్‌ని మా అమ్మాయి ఆ ఇంట్లో అడిగి మరీ పెట్టించుకునేది.

ఎనిమిదో తరగతిలో అది పెద్దమనిషైంది. ఆ సంగతి నాకు చెప్పింది నర్సక్క. పిల్ల బడి నుంచి ముందు ఆమె దగ్గరికే వెళ్ళిందట. కన్నతల్లిని, నేను ఆ మాట పక్కింటామె నోట వినాలా?

మా అత్తగారు ఇక బడి చాలంది. నర్సక్క ఊరుకోలేదు.

"అది జబ్బు కాదు అవ్వా, వయసు. బడికి పోనీండి" అని, నా వైపు తిరిగింది. "గుడ్డలు ఎండలో ఆరెయ్యమని పాపకి చెప్పినా. మూలల్లో దాచనీయొద్దు."

"నా కూతురికి చెప్పేదానికి నేను లేనా అక్కా?"

"ఉండావు. నీకెవరన్నా చెప్పినారా?"

నాకెవరూ చెప్పలేదు. ఆ వయసులో, చచ్చిపోతున్నాననుకుని పెరట్లో ఏడ్చాను. ఆ తర్వాత బడి లేదు. అప్పటిదాకా నర్సక్క మీదే ఉన్న అసూయ, ఆ క్షణాన కూతురి మీదకూ పాకింది. దానికి నర్సక్క దొరికింది.

ఆమె నా దగ్గరికొచ్చి నా కనురెప్ప కూడా లాగి చూసింది. "నీదీ తెల్లగానే ఉండాది. రేపు ఆస్పత్రికి రా, బిళ్ళలిస్తా."

అత్తగారు ఎంత గొణిగినా, తలంటు పోసిన మర్నాడే పిల్లను బడిలో దిగబెట్టాను. ఆ పనైనా నర్సక్కకు దక్కనివ్వలేదు.

మా అమ్మాయి చదువుకుని మద్రాసులో టీచరైంది. మొదటి జీతంతో నాకూ నర్సక్కకూ ఒకే రంగు చీరలు తెచ్చింది. ఆమె చీర అంచే వెడల్పని నేనంటే, నర్సక్క నవ్వి, "అట్లయితే నువ్వే తీసుకో" అని మార్చుకుంది.

మొన్న శుక్రవారం నర్సక్కకు స్నానం చేయించాక, మా అమ్మాయి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని దువ్వుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"నువ్వు లే పాపా, నేను దువ్వుతా."

"నేను చేస్తాలేమ్మా. పెద్దమ్మ నాకు..."

"నీకు శానా చేసింది. నాకూ కొంచెం మిగల్చు."

అది నా మొహంలోకి చూసి దువ్వెన ఇచ్చింది. తడి జుట్టులోంచి నీళ్ళు నా ఒళ్ళోకి కారుతున్నాయి. నెమ్మదిగా పాయలు తీసి అల్లాను. జడ చివరికొచ్చాక, విప్పి మళ్ళీ మొదలుపెట్టాను.