చెప్పుల పక్కన చలివేంద్రం

శనివారం పొద్దున కాలేజీలో ఉన్న నాకు అమ్మ ఫోన్ చేసి, "అంకుల్ పోయారే" అంది. ఏ అంకుల్ అని నేను అడగలేదు. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్లో మాకు అంకుల్స్‌కి కొదవ లేదు గానీ, ముందు ఏ పేరూ తగిలించకుండా అంకుల్ అంటే పక్కింటాయనే. నాకు అ ఆలు దిద్దించి, తెలుగు చదవడం అలవాటు చేసినాయన. గుండెపోటట. ఆ చివరి 'అట'ను పట్టుకుని, ఇంకా ఖాయం కాలేదేమో అన్నట్టు ఆ రోజంతా కూర్చున్నాను.

ఆయన ఇంటికి వెళ్లినవారికి మొదట గుర్తొచ్చేది గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన ఉండే పవర్ స్ట్రిప్. చెప్పులు విప్పి, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, అప్పుడు లోపలికి వెళ్లాలి. మా నాన్న ఏడిపించేవారు.

"ఏం సార్, ఇది ఇల్లా, బస్టాండా?"

"చలివేంద్రం నాయనా. నీళ్లు మావి, గ్లాసు మీది. ఛార్జర్ తెచ్చుకున్నావా?"

ఆ మాట నాకు అప్పుడు తెలియదు. ఎండాకాలంలో దారినపోయేవాళ్ల కోసం కుండల్లో మంచినీళ్లు పెట్టే పందిరి అని ఆయనే చెప్పారు. గుంటూరులో వాళ్ల నాన్నగారు ఏటా పెట్టేవారట. వినగానే ఆ మాటను నా దగ్గర దాచుకున్నాను.

ఒక ఆదివారం పాఠం అయ్యాక మిగతా కథ చెప్పారు. అమెరికా రాకముందు ఆయన పశ్చిమాఫ్రికాలో, సియెర్రా లియోన్‌లో, ఒక మొబైల్ కంపెనీకి టవర్లు నిలబెట్టేవారు. అక్కడి అంతర్యుద్ధం ముగిసి, ఊళ్లకు ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఒక ఊళ్లో సిగ్నల్ వచ్చింది, కరెంటు మాత్రం లేదు. టవర్ డీజిల్ జనరేటర్ మీద నడిచేది. జనం ఫోన్ ఛార్జ్ చేయించుకోవడానికి లారీ ఎక్కి పట్నం వెళ్లేవారు. అది చూడలేక ఆయన జనరేటర్ నుంచి కంచె బయటకు ఒక వైరు లాగి, ఫోన్లు ఛార్జ్ చేసుకోమని బల్ల వేశారు.

"కంపెనీ ఒప్పుకుందా అంకుల్?"

"అడిగితే కదా తల్లీ."

బల్ల దగ్గర జనం పెరిగారు. ట్యాంకర్ రాకముందే డీజిల్ అయిపోయి, టవర్ ఒక పూట ఆగిపోయింది. ఆయన ఉద్యోగం పోయింది. కరెంటు ఎందుకిచ్చావని ఎంక్వైరీలో అడిగితే, చలివేంద్రానికి ఇంగ్లీషు మాట తోచక ఊరుకున్నారట. ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు ముందు ఆగింది.

"ఆ పూట ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలని చూశారో నాకు తెలీదమ్మా" అన్నారు.

మరి అది మంచిపనా, తప్పా? అడిగాను. "నువ్వు బాగా చదువుకుంటున్నావుగా, తెలిస్తే నాకూ చెప్పు" అన్నారు. ఇప్పటికీ తెలియలేదు.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాస్తానని ఆంటీకి, అంటే అంకుల్ భార్యకి, చెప్పాను. "చలివేంద్రం గురించి రాయి. ఉద్యోగం పోయిన సంగతి మాత్రం వద్దు తల్లీ. ఇక్కడెవరికీ తెలీదు" అన్నారు. సరేనన్నాను. కానీ అది వదిలేస్తే ఆ పవర్ స్ట్రిప్ అక్కడ ఎందుకుందో చెప్పలేను. చెబితే ఆంటీకి ఇచ్చిన మాట తప్పుతాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

పదకొండో రోజు భోజనాలకు ఇల్లు నిండింది. చెప్పుల కింద పవర్ స్ట్రిప్ కనిపించకుండా పోయింది. ఎవరూ దాని జోలికి పోలేదు. మా నాన్న అలవాటుగా జేబులోంచి ఛార్జర్ తీసి, మళ్లీ లోపల పెట్టేసుకున్నారు. ఆంటీ చూశారు. వంగి, చెప్పులు పక్కకు జరిపి, స్విచ్ వేసి, అంకుల్ ఫోన్ తెచ్చి ముందుగా అదే పెట్టారు.

"గ్లాసు తెచ్చుకున్నారుగా అన్నయ్యగారూ, పెట్టండి."

ఆ తరవాత నా వైపు తిరిగి మెల్లగా, "రాసెయ్. అంతా రాయి. టవర్ ఆగిందని కూడా. అది రాయకపోతే ఆయన ఊరుకోరు" అన్నారు.

భోజనాలయ్యాయి. ఒక్కొక్కరే ఫోన్ తీసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. ఖాళీ అయిన గుమ్మంలో స్విచ్ ఎర్రగా వెలుగుతూనే ఉంది. అంకుల్ ఫోన్ ఛార్జింగ్ ఎప్పుడో నిండింది. మేమెవరమూ తీయలేదు.