ప్రతిసారీ నా పని వెనక్కి పంపిన మనిషి

రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ఒక మనిషి మీద ఉన్నంత కసి నాకు ఇంకెవరి మీదా ఉండేది కాదు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. మియాపూర్ నుంచి వచ్చేవాడు. ఆసుపత్రిలో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునే యాప్ ఒకటి మేం తయారు చేస్తున్నాం. రోగులకు ఫోన్‌లో కనిపించే భాగం నాది. నేను రాసిన కోడ్ అతను చూసి సరే అంటేనే ముందుకు కదలాలి. అతను సరే అనేవాడు కాదు.

"గిట్ల కాదు, మళ్ల చూడు," అని తిప్పి పంపేవాడు. తప్పేమిటో అడిగితే, "నువ్వే చూస్కో" అనేవాడు. మార్చి ఇస్తే ఇంకో వంక. ఒకసారి క్లయింట్‌తో కాల్‌లో అందరూ వింటుండగా, "మేడం తొందరపడుతున్నది, ఇంకా టైం కావాలె" అన్నాడు. అవమానంతో నా చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత అతను లిఫ్ట్‌లో ఉంటే నేను మెట్లెక్కేదాన్ని. క్యాంటీన్‌లో అతను కూర్చున్న వైపు వెళ్లేదాన్ని కాదు. మిగతా టీమ్‌కు మా గొడవ మంచి కాలక్షేపం.

టీమ్ లీడ్ కుర్చీ మీద అతని కన్ను పడిందని నాకు గట్టి నమ్మకం. నన్ను చేతకానిదాన్ని చేస్తే అది అతనికే దక్కుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న నా భర్తకు ఫోన్‌లో రోజూ ఇదే పురాణం వినిపించేదాన్ని.

ఒకరోజు మేనేజర్ మా ఇద్దరినీ పిలిచాడు. కాకినాడ వైపు మనిషి, చివాట్లు కూడా మర్యాదగానే పెట్టేవాడు. "లీడ్‌గా మీరుండండి," అని అతనితో అన్నాడు.

"నాకొద్దు సార్. ఆమెకియ్యుండ్రి."

సంతోషించాల్సింది పోయి నాకు కోపం రెట్టింపైంది. కుర్చీ కోసం కాకపోతే మరి ఇన్నాళ్లూ నన్నెందుకు ఏడిపించినట్టు? సాయంత్రం స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర అతన్ని నిలదీశాను.

"మీకు లీడ్ వద్దు. మరి నా పనెందుకు తొక్కిపెడుతున్నారు? ఆడదాన్ననా? ఆంధ్రాదాన్ననా?"

అతను చాయ్ ఊదుకుంటూ, "నీ పనిల తప్పేం లేదు. జల్ది అయిపోతున్నది. గదే నా పరేషాన్," అన్నాడు.

"అంటే?"

"ఇది అయిపోతే నన్ను చెన్నై పంపిస్తరు. ముందే చెప్పిన్రు. నా బిడ్డకు ఆరేండ్లు, ఇంకా మాటలు రాలే. మియాపూర్‌ల ఒక టీచర్ దగ్గర ఇప్పుడిప్పుడే నోరు తెరుస్తున్నది. గా టీచర్‌ను విడిచి యాడికి పోవాలె?"

జాలి కలగాలేమో. నాకు ఒళ్లు మండింది. రాసిందే మళ్లీ మళ్లీ రాస్తూ, నాకు ఈ పని రాదేమోనని నేను భయపడిన వారాలు గుర్తొచ్చాయి.

"ఈ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆగుతుంటివా? ఇది అయిపోతే నీకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్. ఆఫీసుల అందరికి ఎరుకే. నువ్వేమన్న రోగుల కోసం ఉరుకుతున్నవా?"

నేనెందుకు పరిగెడుతున్నానో అతనికి మొదటి నుంచీ తెలుసు, అతనెందుకు అడ్డం పడుతున్నాడో నాకే తెలియలేదు. అది ఇంకా మండించింది.

"రేపు మేనేజర్‌కు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"బెదిరిస్తున్నవా?"

"అవును."

కాగితం కప్పు నలిపి పారేసి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను పక్కన నిలబడి ఉండగా అతనే చెప్పాడు. కూతురి సంగతి కూడా దాచలేదు. మేనేజర్ విసుక్కున్నాడు. "ఇంటి విషయాలు ప్రాజెక్టులోకి తెస్తే ఎలాగండీ?" అని, మళ్లీ తనే, "యాప్ విడుదలయ్యాక దాన్ని కనిపెట్టుకుని ఇక్కడ ఒకరుండాలి. మీరే ఉండండి. చెన్నైకి ఇంకొకరిని పంపిస్తాలెండి," అన్నాడు. దయతో అన్నది కాదు. ఆ పనికి ఒప్పుకునేవాళ్లు ఎవరూ దొరకలేదు మరి.

ఆ మధ్యాహ్నం నుంచి నా కోడ్ ఆగలేదు. ఒకే సమయం ఇద్దరు రోగులకు ఇస్తున్న తప్పొకటి మాత్రం పట్టుకుని, ఎక్కడుందో స్పష్టంగా చూపించాడు. సరిచేశాను. అంతకుమించి మేం మాట్లాడుకోలేదు. యాప్ విడుదలైంది. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

వీడ్కోలు రోజు కేక్ కోశారు. అతను ఆలస్యంగా వచ్చి ముక్క తీసుకుని నా ఎదుట నిలబడ్డాడు.

"ఇంకా కోపమున్నదా?"

"ఉంది," అన్నాను.

"ఉండనియ్యి," అని కేక్ తింటూ తన సీటు వైపు వెళ్లిపోయాడు.